నిరుడు కట్టిన దీపస్తంభం

ఆఫీసరు సరస్సు దాటి పడవ దిగేసరికి, పడవలకు దారి చూపే దీపస్తంభం మీద సున్నం ఇంకా తడిగానే ఉంది. మూడు వందల ఏళ్ళ నాచును దీవి జనం రెండు రోజుల్లో గీకి పారేశారు.

కబురు మోసుకొచ్చింది దీవిలోని తాపీ మేస్త్రి బామ్మర్ది, పడవ నడిపేవాడు. టేపూ పుస్తకమూ పట్టుకుని ఎవరో ఆఫీసరు వస్తాడట, కట్టడాలన్నీ చూస్తాడట. అంతే, అందరి గుండెల్లో రాయి పడింది. పక్క దీవికి ఇలాగే ఒకాయన వచ్చి, ఊరంతా చారిత్రకమని బోర్డు పాతి పోయాడు. అప్పట్నుంచి అక్కడి బడిపంతులు క్యాలెండరుకు మేకు కొట్టాలన్నా రాజధానికి అర్జీ పెట్టుకోవాలి. వానాకాలంలో పాపం గొడుగు వేసుకుని భోంచేస్తాడు.

మేస్త్రి ఇల్లు ముత్తాతల నాటిది. కప్పు కారి కారి, పసిపిల్ల ఉయ్యాల ఇప్పటికి నాలుగు మూలలూ తిరిగింది. కొత్త కప్పుకు దూలాలు తెచ్చి పెట్టుకున్నాడు. చారిత్రకమన్నారంటే ఆ దూలాలు పొయ్యిలోకే. అందుకే ఆఫీసరుకు ఊరు చూపించే పని తనే నెత్తినేసుకున్నాడు.

"ఈ స్తంభం ఎప్పటిది?"

"నిరుడు కట్టానండి. ఈ చేతుల్తోనే."

ఆఫీసరు లోపలికి తొంగి చూశాడు. ప్రతి మెట్టూ నడిమధ్య అరిగి గుంటపడి ఉంది.

"మరి ఇలా అరిగిపోయాయేం?"

"అరగలేదండి. కాలు కుదురుగా ఆనుతుందని అలా చెక్కించాం."

"పైన ఆ గబ్బిలాలు?"

"మొన్ననే చేరాయండి. కొత్త కట్టడం కదా, ముచ్చటపడ్డాయి."

ఆఫీసరు ముఖం వాడిపోయింది. "పోనీ పునాదైనా పాతదేమో, బాగా గుర్తు తెచ్చుకోండి."

ఎంత గడుసువాడు, ఎర వేస్తున్నాడు! మేస్త్రి లోలోపలే నవ్వుకున్నాడు.

తపాలా ఆఫీసు గుమ్మం మీద రాతిలో చెక్కిన సంవత్సరం ఉంది. ఎన్ని పూతలు పూసినా అది మాత్రం కనిపిస్తూనే ఉంది.

"అది కట్టిన సంవత్సరం కాదూ?"

"పోస్టుమాస్టరుగారి ఫోను నంబరండి. చోటు చాలక సగమే పట్టింది."

మేస్త్రి ఇంటి అరుగు మీద అతని నాయనమ్మ కూర్చుని ఉంది. "నేను కాపురానికొచ్చే నాటికే ఈ ఇల్లు..." అని ఆవిడ మొదలుపెట్టగానే మేస్త్రి భార్య పరుగున వచ్చి నోట్లో అరటిపండు కుక్కింది.

"మామ్మకి మతిమరుపండి," అన్నాడు మేస్త్రి.

ఆఫీసరు గొంతు తగ్గించాడు. "చూడండి, మా రూలు ప్రకారం నేను చూసింది కాదు, మీరు చెప్పిందే రాయాలి. నూరేళ్ళ నాటివని ఒక్క మాటనండి, చాలు."

"నన్ను అబద్ధమాడమంటారా సార్?" మేస్త్రి గుండె మీద చెయ్యేసుకున్నాడు. "స్తంభం, తపాలా ఆఫీసు, ఈ నలభై ఇళ్ళు, అన్నీ నేను కట్టినవే. నిరుడే."

అలాగే రాసిచ్చి సంతకం పెట్టాడు. సాక్షి సంతకాలకు ఊరు ఊరంతా ఎగబడింది.

పడవ దాకా సాగనంపుతుంటే మేస్త్రికి ప్రాణం హాయిగా ఉంది. రేపు పొద్దున్నే దూలాలు ఎక్కించెయ్యాలి.

ఆఫీసరు కాగితం మడిచి జేబులో పెట్టుకుని, దీవి వైపు ఒకసారి చూసి కళ్ళు తుడుచుకున్నాడు.

"పాతవంటే వదిలేసేవాణ్ణండి, సరస్సు ఒడ్డున కొత్తగా కట్టినవన్నీ సోమవారానికల్లా కూల్చేయమని నాకు ఉత్తర్వు."