అన్నయ్య ఫోను

ఆ మధ్యాహ్నం ఇంట్లో అమ్మ, నేను, వైఫై భద్రత పరీక్షిస్తానంటూ వచ్చిన మెకానిక్ ఉన్నాం. మిల్లు ప్రమాదం మీద సాక్ష్యం చెబుతానన్న అన్నయ్య వారం నుంచి కనబడటం లేదు. మిల్లు యజమాని మనుషులు అతని కోసం వెతుకుతున్నారు.

మెకానిక్ మా కంప్యూటర్లో ఏదో సాఫ్ట్‌వేర్ ఎక్కించి స్కాన్ చేశాడు. ఆ క్షణాన మా నెట్ వాడుతున్న ఫోన్ల పేర్లన్నీ తెర మీదకు వచ్చాయి. ఆ పేర్లు ఎప్పుడో సరదాకి నేనే పెట్టాను.

“అమ్మ, చిట్టి... అన్నయ్య,” అని చదివాడు మెకానిక్. “మీ అబ్బాయి ఇంట్లో లేడన్నారు కదమ్మా?”

“అది వాడి పాత ఫోను బాబూ. బీరువాలో పడుంది,” అంది అమ్మ.

“బీరువాలో కూర్చుని వీడియోలు చూస్తోందా? నెట్ ఎలా లాగేస్తోందో చూడండి!” అని నవ్వాడు.

అమ్మ నవ్వలేదు. ఆమె చూపు అటక వైపు పోబోయి ఆగింది. వారంగా నేను కింద ఏడుస్తుంటే అన్నయ్య అటక మీదే ఉన్నాడన్నమాట.

“పరీక్ష అయిపోయిందా అన్నా?” అడిగాను.

“అయిపోయింది చిట్టీ. మిల్లులో అయ్యగారికి ఒక్క మాట చెప్పాలి.”

ఫోను చెవిన పెట్టుకుని గడప దాటాడు. నేను పరుగెత్తేలోగా తలుపు లాగి, బయట గడియ పెట్టాడు.