మనిషి కావాలని రాయని చోట

“మనిషి కావాలని మేమెక్కడా బోర్డు పెట్టలేదు కదమ్మా,” అన్నాడు బైండింగు షాపు యజమాని, చేతికంటిన జిగురు గుడ్డకు తుడుచుకుంటూ.

“తెలుసు సార్. పెట్టిన చోట్లన్నీ అయిపోయాయి. ఇప్పుడు పెట్టని చోట్లకి వస్తున్నా,” అంది ఆమె.

పుస్తకాల దొంతర వెనక కూర్చుని అట్టల మీద పేర్లు రాస్తున్న గుమాస్తా తలెత్తాడు. ఆ షాపులో పనిచేసేది ఇద్దరే, యజమానీ అతనూ. మూడో స్టూలు వెయ్యడానికి కూడా చోటు లేదు.

“ఉద్యోగం నాకు కాదు, మా ఆయనకి.”

“మరి ఆయనేడీ?”

“ఇంట్లో. గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఏడాదవుతోంది. పిలిస్తే ‘ఆఁ’ అంటాడు, అంతే. గడ్డం గీసుకోమంటే ఎవరి కోసం అంటాడు.”

గుమాస్తా కలం ఆగింది. ఆ గోడ అతనికి తెలుసు. ఈ పనిలో చేరకముందు రెండేళ్ళు అతనూ అలాంటి గోడకేసి చూస్తూ గడిపాడు. సున్నం పెచ్చు ఊడిన చోట ఏ ఆకారం కనిపించేదో ఇప్పటికీ చెప్పగలడు. చివరికి భార్య పోరు పడలేక ఒకరోజు చొక్కా తొడుక్కుని, ఆమె చెప్పిన వీధికి వచ్చి, ఈ గుమ్మం ఎక్కాడు. అప్పుడూ బోర్డు లేదు. “ఏదైనా పని...” అని అతను మాట పూర్తి చేయకముందే యజమాని “రేపట్నుంచి వచ్చెయ్” అన్నాడు. ముఖం చూడగానే తనేమిటో పోల్చుకున్న మనిషి! ఆ ఒక్క మాట ఊతంగా ఎనిమిదేళ్ళుగా నిటారుగా నడుస్తున్నాడు.

ఆమె గొంతు తగ్గించింది. “జీతం మీరివ్వక్కర్లేదు సార్. నేను బట్టలు కుడతాను. నెలనెలా డబ్బు నేనే తెచ్చిస్తాను. మీరు ఆయన చేతిలో పెట్టండి, చాలు. నేనిచ్చానని మాత్రం తెలియకూడదు.”

యజమాని ఉలిక్కిపడ్డాడు. “ఈ ఆలోచన నీకెవరిచ్చారమ్మా?”

“ఎవరిస్తారు సార్? నా అవస్థే ఇచ్చింది.”

గుమాస్తా ఉండబట్టలేక లేచి వచ్చాడు. “ఏంటి చెల్లెమ్మా ఇది? కట్టుకున్నవాణ్ణి బొమ్మను చేసి ఆడిస్తావా?”

“నువ్వూరుకోవయ్యా,” అన్నాడు యజమాని.

“ఎలా ఊరుకోను మాస్టారూ? ఏదో ఒకరోజు తెలుస్తుంది. అప్పుడా మనిషికి తిరిగి పడుకోడానికి గోడ కూడా మిగలదు.”

“తెలియనివ్వనన్నా. పొద్దున్నే లేచి తల దువ్వుకుంటే చాలు నాకు,” అంది ఆమె. కళ్ళలో నీళ్ళు లేవు. ఎప్పుడో అయిపోయినట్టున్నాయి.

“ఆయన్నే రమ్మను. నాలాగా తనే వచ్చి, తన నోటితో అడగమను. అలా తెచ్చుకున్న పనికుండే బలం వేరు. ఇన్నేళ్ళలో మా మాస్టారు నన్ను ఒక్క మాట అన్నారేమో అడుగు! నేను కుట్టిన పుస్తకం విప్పి మళ్ళీ కుట్టినా, ‘నాకు ఊసుపోక’ అంటారే గానీ తప్పు పట్టరు. అదీ మర్యాదంటే. దొంగచాటు ఉద్యోగానికి ఆ మర్యాద దొరుకుతుందా?”

యజమాని కత్తెర చేతిలోకి తీసుకుని, ఏమీ కత్తిరించకుండానే మళ్ళీ అక్కడ పెట్టాడు.

ఆమె గుమాస్తాను ఎగాదిగా చూసింది. నున్నగా గీసిన గడ్డం, ఇస్త్రీ చొక్కా. “మీ ఆవిడ అదృష్టవంతురాలన్నా,” అంది.

ఆ మాట అతని లోపల ఎక్కడో తగిలింది. “మాస్టారూ, నా పనిలో సగం ఆయనకిద్దాం. నిజమైన పని, నిజమైన జీతం. కోతేదో నా జీతంలో పెట్టండి.”

అనేశాక గానీ భయం వెయ్యలేదు. ఇంట్లో ఏం చెప్పాలి? అయినా అర్థం చేసుకుంటుందిలే. మొగుడి జీతం వస్తున్నా సరే, నాలుగిళ్ళకు తిరిగి పిల్లలకు పాఠాలు చెప్పడం మానని మనిషి.

యజమాని ముఖం పాలిపోయింది. “ముందు నువ్వెళ్ళి దారం పట్రా.”

“నిన్ననేగా తెచ్చాను?”

“మళ్ళీ తేవయ్యా బాబూ!”

ఆయన గొంతు పెంచడం అతను వినడం అదే మొదటిసారి. పెద్దాయన మెత్తబడ్డాడని, అది తన ముందు బయటపడటం ఇష్టం లేక పంపిస్తున్నాడని అనుకున్నాడు. నవ్వుకుంటూ చెప్పులేసుకుని మెట్లు దిగాడు. నాలుగడుగులు వేశాక, సన్నదారమో లావుదారమో అడగలేదని గుర్తొచ్చి వెనక్కి తిరిగాడు.

గుమ్మం దగ్గరికి వచ్చేసరికి లోపల యజమాని గొంతు, బతిమాలుతున్నట్టుగా వినిపించింది.

“ఒకడి దగ్గర దాచడానికే ఎనిమిదేళ్ళుగా చస్తున్నానమ్మా.”