ఈ రోజు భయం ఎంత?

రాధిక కూతురికి జడ వేస్తోంది. బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ట్రాఫిక్ మొదలవకముందే వచ్చే స్కూలు బస్సుకు ఇంకా పావుగంట ఉంది. నాగేంద్ర లాప్‌టాప్‌లో ఎక్సెల్ షీటు తెరిచి ఎదురుగా కూర్చున్నాడు.

"జోషితా, ఈ రోజు భయం పదికి ఎంత?"

పిల్లల ఆందోళన మీద ఆన్‌లైన్ క్లాసు విన్నప్పటి నుంచి, ఆఫీసులో టీమును అడిగినట్టే రోజూ కూతురిని అడుగుతున్నాడు.

"ఎనిమిది," అంది జోషిత.

"మళ్లీ ఎనిమిదేనా! మూడు వారాలైనా గ్రాఫ్ దిగడం లేదు. శుక్రవారానికి నాలుగు చేద్దాం, సరేనా తల్లీ?"

"ఏమప్పా, దీనికీ టార్గెట్ పెడితివా?" అంది రాధిక. "ఇంక అప్రైజల్ ఒకటే తక్కువ."

"నువ్వుండు. స్కూల్లో ఏమంటే భయం తల్లీ? టీచరా? లెక్కలా?"

"స్కూల్లో రెండే నాన్నా."

"మరి ఎనిమిది ఎప్పుడు?"

"నువ్వు అడిగేటప్పుడు. తగ్గకపోతే నీకు కోపమొస్తుందని."

"దీన్ని ఏ కాలమ్‌లో వేయాలి?" అన్నాడు నాగేంద్ర, అలవాటుగా.

రాధిక చేతులు ఆగిపోయాయి. ఆమె అతని వైపు చూసి, జడకు రిబ్బను ముడి వేసేసింది. జోషిత తల దించుకుంది.

నాగేంద్ర లాప్‌టాప్ మూశాడు. స్కూలు బ్యాగు తన భుజానికి తగిలించుకుని చెయ్యి చాచాడు. జోషిత కాసేపు ఆలోచించి, అతని చిటికెనవేలు పట్టుకుంది.

ఇద్దరూ బయటికి నడిచారు.