నీళ్ళ ట్యూబులో జన్యువు

"నీళ్ళకి జన్యువులుంటాయా, సుష్మా?"

ప్రొఫెసర్ సోమయాజులు కంప్యూటర్ తెర మీద వేలు పెట్టి అడిగారు. ఆయన దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న సుష్మ తెర మీదికి వంగింది. నలభై మంది రక్తం పరీక్షించి, ఒంట్లోకి వచ్చిన రోగాన్ని పసిగట్టే టి కణాల జన్యువులో ఎవరూ చూడని కొత్త ముక్కను పట్టేశానని పొద్దున్నుంచీ గాల్లో తేలుతోంది పాపం. ఆ ముక్క చివరి వరుస ట్యూబులన్నిటిలో ఉంది. సరిచూసుకోవడానికి ఉత్త నీళ్ళు పోసి అదే వరుస కొసన పెట్టిన ట్యూబులోనూ ఉంది!

"ట్యూబుల మీద మాట్లాడావు. నీ తుంపర పడింది," గడ్డం కింద మాస్కు ఊగేలా అరిచారు సార్. "సోమవారం నుంచి ఈ పని పక్క ల్యాబ్ రఘువీర్ చూస్తాడు."

"నేను మాస్కు తియ్యనే లేదు సార్! నన్ను పరీక్షించండి. నాలో ఆ ముక్క ఉంటే పీహెచ్‌డీ మానేసి పోతాను."

"నువ్వొక్కదానివే ఎందుకు? ల్యాబ్‌లోకి వచ్చేవాళ్ళం ముగ్గురమూ ఇద్దాం. తేలిపోతుంది."

సార్ విసురుగా దూదిపుల్ల తీసుకుని బుగ్గ లోపల రుద్దుకున్నారు. అటెండర్ లక్ష్మయ్య బెదిరిపోయాడు.

"నాదెందుకు సార్? నేను తలుపు కాడనే ఉంట గదా!" అంటూనే నోరు తెరిచాడు.

సుష్మ కవర్ల మీద పేర్లు రాస్తుంటే సార్ మళ్ళీ కసిరారు. "నంబర్లు వెయ్యి! శాంపిల్ ఇచ్చినవాళ్ళ పేరు ఎక్కడా కనపడకూడదని ఎన్నిసార్లు చెప్పాలి?"

సుష్మ నలభై ఒకటి. లక్ష్మయ్య నలభై రెండు. సార్ నలభై మూడు.

మూడో రోజు తార్నాక మెట్రో మెట్లు దిగుతుండగా ఫోన్‌లో ఫలితం వచ్చింది. చదవగానే సుష్మ కేక పెట్టింది. చుట్టుపక్కలవాళ్ళు తిరిగి చూసినా పట్టించుకోలేదు. "క్యాంపస్‌కి అన్నా, జల్దీ!" అంటూ ఆటోలోకి దూకింది.

"సార్! ఆ ముక్క మీది!"

సార్ చెయ్యి మెల్లగా గడ్డం కింది మాస్కు మీదికి వెళ్ళింది. ట్యూబులు నింపిన రోజు చివరి వరుస మీదికి వంగి అరగంట పాఠం చెప్పింది ఆయనే మరి.

అంతలోనే కుర్చీలోంచి ఎగిరి లేచారు.

"అయితే ముక్క నిజమే! కొత్తదే! పని నీదేనమ్మా, ఎవరికీ ఇవ్వను. కూర్చో, ఇప్పుడే పేపర్ మొదలుపెడదాం. అన్నిటికంటే పైన నా పేరు కొట్టు!"

సుష్మ కీబోర్డు మీద చేతులు పెట్టి, తెర వైపే చూస్తూ వినయంగా అంది.

"పేరెలా వేస్తాను సార్? మీరు నలభై మూడు."