ఉత్తుత్తి లింకు

చెల్లెలు రాత్రి షిఫ్టు నుంచి ఇంకా రాలేదు. ఏఐ ఏజెంట్లు ఫైళ్లు డౌన్‌లోడ్ చేసుకునే టూలుకు అక్క మాన్యువల్ రాస్తూ కూర్చుంది. ఉదాహరణ కోసం ఒక ఉత్తుత్తి లింకు అల్లి, 'ఫైలు లేదు' అన్న జవాబు ఎలా వస్తుందో చూద్దామని ఏజెంటుకిచ్చింది.

ఫైలొచ్చింది.

తెరిస్తే ఆడియో: సుత్తి దెబ్బలు. ప్రతి దెబ్బకీ ఎముక విరిగిన చప్పుడు. మొత్తం ఏడు. ఆరో దెబ్బ తర్వాత, నెత్తురు గుక్కల మధ్య, చెల్లెలి గొంతు: "అక్కా, నేనెంత పిలిచినా తలుపు తియ్యకే."

అంతలో మెట్ల మీద పరుగు వినిపించింది.

"అక్కా, తలుపు తియ్యవే! వెనకాల ఎవడో వస్తున్నాడు!"

గడియ మీద పడ్డ చెయ్యి అక్కడే బిగుసుకుపోయింది.

బయట మొదటి దెబ్బ పడింది. ఇంకా ఆరు.