రాజమాత పెట్టిన రూలు

మూడు రోజులు ఉలుకూ పలుకూ లేని వాళ్ళను రాజ్యం నుంచి వెళ్ళగొట్టాలని రాజమాత నిర్ణయించింది.

నిర్ణయించి, మీసం మీది చెమట తుడుచుకుంది.

రాజమాత అసలు పేరు బసవయ్య. బోధన్ దగ్గర కాలువ కింద ఎనిమిదెకరాల రైతు. నిరుడు కాలు విరిగి మంచం పట్టినప్పుడు, ఆయన సణుగుడు భరించలేక కూతురు సాహిత్య ఫోన్‌లో 'మంజీర రాజ్యం' అనే గుంపులో చేర్చింది. అందులో ఒక్కొక్కరిది ఒక్కో వేషం. ఆ వేషంలోనే మాట్లాడుతూ, వంతులవారీగా అందరూ కలిసి ఒక కథ రాసుకుంటూ పోవాలి. అసలు పేర్లు ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు.

బసవయ్య చేరేనాటికి రాజు, సేనాపతి, గూఢచారి వేషాలన్నీ అయిపోయాయి. మిగిలింది రాజమాత ఒక్కటే. "ఆడవేషం నాకెందుకే!" అని గింజుకున్నాడు గానీ, రాజు కూడా ఆమె మాట జవదాటకూడదని తెలిశాక నోరు మూశాడు. ఇంట్లో ఆయన మాట కుక్క కూడా వినదు మరి.

చిక్కల్లా మనుషులతోనే వచ్చింది. పెద్ద పెద్ద బిరుదులు తగిలించుకుని చేరడం, రెండు రోజులు వీరంగం వేసి మాయమవడం. సేనాపతి పత్తా లేక శత్రువులు కోట గుమ్మం ముందు వారం పైగా నిలబడే ఉన్నారు. వాళ్ళకైనా కాళ్ళు పీకవా? పైగా ఒకడు లేని సమయం చూసి, వాడి వంతు కథను ఇంకొకడు రాసేసుకుంటున్నాడు.

అందుకే ఈ ఆజ్ఞ. టైపు చేయడం బసవయ్యకు చేతకాదు. ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని చెబితే అదే రాసుకుంటుంది, అదీ గట్టిగా చెబితేనే. ఆయన చేను గట్టు మీద నిలబడి "కుమారా! ఇది మా ఆజ్ఞ!" అని అరిస్తే తన మడుల్లోవే కాదు, పక్క చేలోని కొంగలు కూడా లేచిపోయాయి.

ఆజ్ఞకు ఎదురుతిరిగింది ఇంకెవరో కాదు, మహామంత్రే.

రాజ్యంలో పద్ధతిగా రాసేది అతనొక్కడే. రాజమాతకు కుడిభుజం. ఫోన్‌లో పొరపాటున రాజమాత తుమ్ము పడినా "శతాయుష్షు తల్లీ" అని రాసే మనిషి. అలాంటివాడు ఇలా రాశాడు:

"రాజమాతకు వందనం. పొట్టకూటికి తిరిగేవాడికీ, తీరిగ్గా కూర్చున్నవాడికీ ఒకే కొలత పెట్టడం ధర్మమా? ఈ ఆజ్ఞ మారకుంటే నా పదవి తమ పాదాల దగ్గర పెట్టి సెలవు తీసుకుంటాను."

బసవయ్య ఆ ముక్కను రెండుసార్లు చదివాడు. మహామంత్రి పోతే ఇక రాజ్యం లేదు. అసలు నిజం చెప్పాలంటే, ఈ లోకంలో తనకు అంత మర్యాద ఇచ్చే మనిషి ఇంకొకరు లేరు. ఆ మధ్యాహ్నం అన్నం సహించలేదు.

"ఏవండీ, ఎవరో పోయినట్టు ఆ మొహం ఏంటి?" అంది భార్య శివపార్వతి.

"మంత్రి రాజీనామా చేస్తానంటున్నాడు."

"హైదరాబాదులోనా?"

"కాదే, మా మంత్రి."

ఆమె నెత్తి కొట్టుకుంది. "రాజ్యాలకి తర్వాత న్యాయం చెబుదురుగాని, ముందు పక్క చేను నర్సింలుతో మాట కలపండి. రెండేళ్ళయింది. ఒక్క తూము కింద చేలు పెట్టుకుని ఏంటండీ ఆ పంతం?"

"వాడితోనా? వాడి నోట్లోంచి ఒక మాట రావాలంటే ఒక పూట పడుతుంది. మాటంటే ఎలా ఉండాలో మా మహామంత్రిని చూసి నేర్చుకోమను."

మంత్రితో రెండు రోజులు మంతనాలు సాగాయి. చివరికి కొత్త రూలు తయారైంది. పని ఉన్నవాడు ముందే చెప్పి పోవచ్చు. తిరిగొచ్చేదాకా వాడి వంతు వాడిదే. అడగకుండా ఇంకొకరి వంతు ఎవరూ ముట్టకూడదు, రాజమాత అయినా సరే.

ఆ చివరి ముక్క మహామంత్రి పట్టుబట్టి పెట్టించాడు. ఎంత నిష్పక్షపాతం అని ముచ్చటపడిపోయి రాజమాత రాజముద్ర బొమ్మ పెట్టింది. గుంపంతా జేజేలు. సేనాపతి కూడా ఎక్కణ్ణుంచో ఊడిపడి చప్పట్లు కొట్టాడు.

ధర్మాన్ని నాలుగు పాదాల మీద నడిపించానన్న సంబరంతో మర్నాడు పొద్దున్నే బసవయ్య చేనుకు బయల్దేరాడు. ఆ రోజు తూము నీళ్ళ వంతు నర్సింలుది. కానీ నర్సింలు బోధన్‌లో ఇంటింటికీ పాలు పోసి వచ్చేసరికి పొద్దెక్కుతుంది. అంతదాకా నీళ్ళు కిందికి వృథాగా పోవడం ఎందుకని బసవయ్య తన మడిలోకి మళ్ళించుకుంటాడు. చెరకు మానేసి వరి పెట్టిన దగ్గర్నుంచీ నీళ్ళు ఎన్ని పారినా చాలడం లేదాయె. అడిగి మళ్ళించుకుందామంటే మాటల్లేవు కదా! వారం వారం జరిగేదే కాబట్టి ఆయనకు అందులో తప్పేమీ కనిపించలేదు.

పంచె ఎగ్గట్టి, పార పట్టుకుని కాలువలోకి దిగాడు. రెండు పారల మట్టి వేశాడో లేదో, గట్టు మీద ఎవరో దగ్గారు.

నర్సింలు. ఇవాళ పాలకు పోయినట్టు లేదు. మోకాళ్ళు ముడుచుకుని తీరిగ్గా కూర్చున్నాడు. బసవయ్య పార వెనక్కి దాచుకోబోయాడు గానీ, అంత పారను ఎక్కడ దాచుకుంటాడు?

రెండేళ్ళ తర్వాత నర్సింలు నోరు విప్పాడు.

"ఈ మంత్రి మాట ఇని నిన్ననే గద ముద్ర గుద్దిండ్రు, గప్పుడే రూలు తప్పుతున్నరా, రాజమాతా?"