శనివారం వెలిగే చుక్క

“ఈ చుక్క మీరే కదన్నా?”

ఆ అమ్మాయి ల్యాప్‌టాప్ తిప్పి చూపించేసరికి గిరిప్రసాద్ చేతిలోని తోతాపురి కాయ జారి గంపలో పడింది. బంగారుపాళ్యంలో పాతికేళ్లుగా మామిడితోట చేసుకుంటూ, తన మానాన తాను బతికే మనిషి. అయినా గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, భుజమ్మీది తువ్వాలు సర్దుకున్నాడు.

తిరుపతి యూనివర్సిటీ నుంచి స్కూటీ మీద వచ్చిందా పిల్ల. లావుపాటి నల్లఫ్రేము కళ్లద్దాలు, ముఖం నిండా చెమట. పేరు కోమలి అంది. వాట్సాప్‌లో ఒక మెసేజి ఎవరి నుంచి ఎవరికి, ఏ రోజున పోయిందో పటం గీయడం ఆమె చదువట. తెరమీద తేదీలు పరుగెత్తుతున్నాయి. చిత్తూరు, తిరుపతి, సత్యవేడు దాకా చుక్కలు వెలుగుతున్నాయి, గీతలు సాగుతున్నాయి, ఆరిపోతున్నాయి. శనివారం రాగానే బంగారుపాళ్యం చుక్క మళ్లీ వెలుగుతుంది. పన్నెండేళ్లుగా అదే వరస.

మెసేజి కూడా ప్రతిసారీ ఒకటే. ‘తిరుపతి బస్టాండులో పాప తప్పిపోయింది. ఏడేళ్లు. పచ్చ గౌను, ఎడమ కనుబొమ్మ మీద గాటు. కనిపిస్తే ఈ నంబరుకు చెప్పండి.’

“నేను మొత్తుకుంటానే ఉండా, ఆ ఫోను కొంప ముంచుతాదని!” గుమ్మంలోంచి భార్య జయంతి అందుకుంది. “పోలీసు కేసామ్మా?”

“కేసేం లేదక్కా. ఆ పాప వాళ్ల నాయనకు ఇంకా ఫోన్లు వస్తానే ఉండాయి. పంపేది ఆపమని చెప్పేదానికి వచ్చినా.”

“పాప దొరికేదాకా ఆపను.” గిరిప్రసాద్ అడ్డంగా తలూపాడు. “శనివారం ఒక్కపొద్దు నాకు. అది పంపనిదే ముద్ద ముట్టను.”

“ఎందుకన్నా అంత పట్టుదల?”

కట్టుకున్నదానికి కూడా చెప్పని మాట అది. ఇక దాచలేకపోయాడు.

“ఆ పొద్దు ఆ బిడ్డ నా చొక్కా పట్టుకోని ‘మా నాయన యాడ?’ అనింది. నా బస్సు కదల్తా ఉండాది. ‘ఈడే కూసో, యాడికీ పోవద్దు, వస్తాడు’ అని ఎక్కేసినా. మర్నాడు ఫోన్లో ఈ మెసేజి, ఆ బిడ్డ ఫోటో చూసినా. పాపిష్టోణ్ణి తల్లీ!”

జయంతి గుమ్మం దిగి ఆయన దగ్గరికి వచ్చింది.

“ఆ నంబరుకు ఒక్కసారన్నా ఫోన్ చేయలేదా అన్నా?”

“దొరకలేదంటారేమోనని భయం.”

కోమలి ల్యాప్‌టాప్ మూసేసింది.

“దొరికిందన్నా, ఆ పూటే! మీరు చెప్పిన చోటే కూసోనింది. ఎవురెవురో పిలిచినా లేయలేదు. ఊరంతా ఎతికి వాళ్ల నాయన మళ్లీ ఆడికే వచ్చినాడు. మెసేజి మాత్రం ఇంకా తిరగతానే ఉండాది.”

గిరిప్రసాద్ గంప పక్కన కూలబడ్డాడు. ఏడ్చాడు, నవ్వాడు, “గోవిందా! గోవిందా!” అంటూ తిరుమల దిక్కుకు దండం పెట్టాడు. జయంతి ఆయన వీపు నిమిరింది. అమ్మయ్య, పన్నెండేళ్ల బరువు దిగింది.

కాసేపటికి అనుమానం వచ్చి తలెత్తాడు.

“ఎవురు పిలిచినా లేయలేదని నీకెట్ల తెలుసమ్మా?”

కోమలి కళ్లద్దాలు తీసి, చున్నీతో కళ్లు తుడుచుకుంది.

ఎడమ కనుబొమ్మ మీద గాటు ఉంది.